నీ ఒక్కడికే

ఆన్‌లైన్ మోసాల గురించి పిల్లలకు పాఠం చెప్పమని మా బడివాళ్ళు నాకు అప్పగించినప్పుడు నేనేమీ సంబరపడలేదు. అర్థశాస్త్రం చెప్పేదాన్ని గనక డబ్బుతో ముడిపడ్డ ప్రతి దరిద్రమూ నా నెత్తికే వస్తుంది. తెరమీద వేసి చూపించమని బొమ్మలు కూడా పంపారు. వాటిలో నల్ల ముసుగు వేసుకున్నవాడొకడు చీకటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఇకిలిస్తుంటాడు.

"అంత చీకట్లో ముసుగేసుకుని కూర్చుంటే వాడికి అక్షరాలెలా కనిపిస్తాయి మేడం?" అన్నాడు సీట్సె.

సీట్సెకి పదిహేనేళ్ళు. మా తరగతిలో ప్రశ్నలన్నీ వాడివే, వాడి నోటినుంచి జవాబు మాత్రం ఇంతవరకూ నేను వినలేదు. కాకపోతే ఆ రోజు వాడడిగింది న్యాయమైన ప్రశ్న.

"ఇవన్నీ మాకు తెలిసినవే మేడం," అన్నాడు జెల్మర్, కుర్చీ వెనక కాళ్ళమీద ఊగుతూ. "వీటికి మా అమ్మమ్మ పడుతుందేమోగానీ మేం పడం."

తరగతంతా అవునవునని తలలూపింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఏమనగలను? తెర ఆపేశాను. గంట కొట్టగానే తలుపు పక్కన వేలాడే సంచిలోంచి ఎవరి ఫోన్లు వాళ్ళు లాక్కుని పరుగెత్తారు. నింకె మాత్రం కదలలేదు. జెల్మర్ వాళ్ళ పక్కింటి పిల్ల అది. చిన్నప్పటినుంచీ ఇద్దరూ కలిసే సైకిళ్ళమీద బడికొస్తారు.

"మేడం, నేను చెప్పానని వాడికి తెలియకూడదు."

"ఎవడికి?"

"జెల్మర్‌కి. వాడికి ఫోన్లో రీకో అని ఒకడు తగిలాడు. వీడి బ్యాంకు కార్డు కావాలిట, పిన్నుతో సహా. శని ఆదివారాలు వాడుకుని సోమవారం తిరిగిచ్చేస్తాట్ట. మూడొందల యూరోలిస్తానన్నాడు. 'నీ ఒక్కడికే చెబుతున్నా, నువ్వు నమ్మకస్తుడివి' అన్నాట్ట. వీడు ఉబ్బిపోయాడు."

"ఒప్పుకున్నాడా?"

"వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటికి స్టేషన్ దగ్గర కార్డిస్తున్నాడు."

మూడొందలు ఎందుకో నేనడగక్కర్లేదు. మా ఊరు ఫ్రానెకర్‌లో ఆ వయసు పిల్లలందరికీ ఇప్పుడు లావు చక్రాల కరెంటు సైకిల్ పిచ్చి పట్టింది. జెల్మర్ మాత్రం వాళ్ళ అమ్మమ్మ పాత సైకిల్‌మీద, ముందు బుట్టతో సహా, ఎదురుగాలిలో తొక్కుకుంటూ వస్తాడు. మా ఊళ్ళో ఎటు వెళ్ళినా ఎదురుగాలే. వాణ్ణి దాటుకుంటూ పోయేవాళ్ళందరూ గంట కొట్టి మరీ పోతారు.

కార్డు ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఎక్కడో ఒక ముసలావిణ్ణి బెదిరించి దోచుకున్న సొమ్ము వీడి ఖాతాలో పడుతుంది. ఆ పూటే ఎవడో దాన్ని తీసుకుని మాయమవుతాడు. పోలీసులకు రీకో కనపడడు, జెల్మర్ పేరు కనపడుతుంది. బ్యాంకు ఖాతా మూసేస్తుంది. ఇంకో బ్యాంకుకు వెళితే వాళ్ళూ తలుపు తియ్యరు, ఏళ్ళ తరబడి తియ్యరు. ఇక్కడ రొట్టె కొట్టువాడు కూడా నోట్లు పుచ్చుకోవడం మానేశాడు. ఖాతా లేనివాడికి సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దే పని కూడా దొరకదు. పదిహేనేళ్ళకే వీడి బతుకు మొదట్లోనే కుంటుపడుతుంది.

"వాడితో నువ్వు చెప్పి చూశావా?"

"చెప్పాను. 'నాకంతా తెలుసు, నువ్వు కుళ్ళుకుంటున్నావు' అన్నాడు."

సరే, ఒక నిర్ణయానికి వచ్చాను. శుక్రవారం మధ్యాహ్నం దాకా చూస్తాను, అప్పటికీ వాడు వెనక్కి తగ్గకపోతే వాళ్ళమ్మకి ఫోన్ చేస్తాను. నింకెకి అదే చెప్పాను. ఈ లోపల వాడంతట వాడే తెలుసుకుంటే మేలు. తల్లి చేత తిట్టించుకుని ఆగినవాడికి ఆ పైవారం ఇంకో రీకో దొరుకుతాడు.

ఆ శుక్రవారమే, తెల్లగడ్డం తాత పిల్లలకు కానుకలు తెచ్చే సింటర్‌క్లాస్ పండగ. ఏటా తరగతిలో చీటీలు తీస్తాం. ఎవరి పేరు వస్తే వాళ్ళకో కానుకా, దాంతోపాటు వాళ్ళను ఆటపట్టిస్తూ ఓ పద్యమూ ఇవ్వాలి. రాసినవాళ్ళ పేరు ఉండదు, అంతా ఆ తెల్లగడ్డం తాతే రాసినట్టు లెక్క. మంచి పద్యం రాయాలంటే ఎదుటివాడి బలహీనత పసిగట్టాలి. వాడు దేనికి ఉబ్బుతాడో, దేనికి ఉడుక్కుంటాడో వారం రోజులు గమనించాలి. ఇంటికెళుతూ వంతెనమీద ఆగిపోయాను. ఇంతకంటే రీకో చేసేదేముంది? మా పిల్లలు ఆరో ఏటినుంచీ అదే పనిలో ఆరితేరారు కదా. ముల్లును ముల్లుతోనే తీద్దామనుకున్నాను.

మర్నాడు తరగతిలో చెప్పాను.

"ఈసారి కానుకలు లేవు. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్ళకు వారంలోగా గాలం వెయ్యాలి. మెసేజ్ అయినా సరే, లింకైనా సరే. అయిదు యూరోలు దాటకూడదు. పడ్డ డబ్బంతా నింకె చూసే మన క్లాసు నిధిలోకే వెళ్ళాలి, శుక్రవారం మసాలా బిస్కట్లు కొంటాం. ఎవర్నీ ఏడిపించకూడదు, భయపెట్టకూడదు."

"అంటే, మోసం చెయ్యమని హోంవర్కా మేడం?" అన్నాడు సీట్సె.

"అవును."

"మీరు బాగానే ఉన్నారా?"

వాడి పద్ధతి అది. చీటీల టోపీలో నా పేరు కూడా వెయ్యమని పట్టుబట్టారు, వేశాను. ఇక్కడో సంగతి చెప్పాలి. జెల్మర్ పేరున్న చీటీని నేను ముందే స్వెటర్ చేతిలో దాచి, టోపీలో చెయ్యి పెట్టినట్టు పెట్టి బయటికి తీశాను. మోసాలమీద పాఠం చెప్పే మనిషినే. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

వాడికి గాలం వెయ్యడానికి చాలా కష్టపడ్డాను. లావు చక్రాల సైకిల్ సగం ధరకి, ఈ రోజే ఆఖరు, అయిదు యూరోలు కడితే మీ పేరు రాసుకుంటాం అని బొమ్మతో సహా తయారుచేసి మా అక్క ఫోన్‌నుంచి, ఆవిడ ఫొటో పక్కనే కనబడుతుందని తోచక, పంపాను. నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది. "హూకెమా మేడం, 'ప్రియ మిత్రమా' అని మొదలుపెట్టేవాళ్ళు ఈ ఊళ్ళో మీరొక్కరే ఉన్నారు. మీ అక్కగారికి నమస్కారాలు."

అంత తెలివైనవాడు మరి రీకోని ఎలా నమ్మాడు? కోపమూ వచ్చింది, బెంగా పట్టుకుంది. రీకో వాడికి సైకిల్ అమ్మలేదు. నువ్వు నమ్మకస్తుడివి అన్నాడు. ఇంట్లోగానీ బళ్ళోగానీ వాడితో ఆ మాట అన్నవాళ్ళు ఎవరున్నారని ఆలోచిస్తే, నాకు నా పేరు కూడా గుర్తు రాలేదు.

శనివారం నేను సంతలో జున్ను కొట్టు దగ్గర వరసలో నిలబడి ఉండగా స్టాఫ్ రూం తరఫున అంటూ ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది. మా ఆటల మాస్టారు బౌకె ఈ ఏడాది చివర రిటైరవుతున్నాడు. ఆయన వీడ్కోలు కేకుకి తలా మూడు యూరోల నలభై సెంట్లు. అందరూ ఇచ్చేశారు, మీరొక్కరే మిగిలారు, పన్నెండింటికల్లా బేకరీకి కట్టాలి, బౌకెకి తెలియకూడదు సుమా అని ఉంది. కింద, నొక్కితే నా వాటా డబ్బు వెళ్ళిపోయే లింకు.

మా దేశంలో కాఫీ ఇచ్చి సాయంత్రానికి దాని వాటా లింకు పంపేవాళ్ళున్నారు. పంపితే ఎవరూ తప్పుపట్టరు. కట్టడం ఆలస్యమైతే మాత్రం పరువు పోతుంది. నా ఒక్కదానివల్ల కేకు ఆగిందని స్టాఫ్ రూంలో చెప్పుకుంటారేమోనని నాకు చెవులు వేడెక్కాయి. జున్ను తూచేలోపల కట్టేశాను. ఎవరికి వెళుతోందో ఫోన్లో పేరు కూడా పడింది. చూడలేదు.

సోమవారంనుంచీ వరండాలో బౌకె ఎదురైనప్పుడల్లా కన్ను గీటాను. సర్‌ప్రైజ్ నాకూ తెలుసులే అన్నట్టు. పాపం ఆయన మొదటిరోజు నవ్వాడు. రెండోరోజు తలదించుకున్నాడు. గురువారానికి నన్ను చూసి జిమ్‌లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. బల్లలన్నీ గుండ్రంగా వేశాం. మధ్యలో ఓ గంపెడు మసాలా బిస్కట్లు. ఆ ఒక్కరోజుకి ఫోన్లు సంచిలోంచి తీసుకోవచ్చన్నాను. ఎవరెవరు చిక్కారో ఒక్కొక్కరే లేచి ఒప్పుకోవాలి, పట్టినవాళ్ళు పద్యం చదివి, ఎలా పట్టారో చెప్పాలి. సీట్సె ఏకంగా రెండుసార్లు చిక్కాడు. రెండోది వాడికి వేసిన గాలం కూడా కాదు, పక్కవాడికొచ్చిన లింకు చూసి ముచ్చటపడి తనూ కట్టాడు. నవ్వలేక చచ్చాం. నాకు మాత్రం ఒక కన్ను గడియారంమీదే ఉంది. జెల్మర్ హాయిగా బిస్కట్లు నములుతున్నాడు.

"ఇప్పుడు మేడం వంతు," అన్నాడు వాడు లేచి.

"నేనెక్కడ చిక్కాను?"

వాడు గొంతు సవరించుకుని చదివాడు.

"వాటా అంటే చాలు, వణుకుతుంది మా మేడం,
ఎవరడిగారు, ఎందుకడిగారు? అవన్నీ మేం చూడం!
కేకు లేదు, క్రీము లేదు, కన్నుగీటలే మిగిలె,
మేడం డబ్బుల బిస్కట్లు మా పొట్టల్లో కరిగె!"

ముందు నాకు అర్థం కాలేదు. తరవాత జున్ను కొట్టు గుర్తొచ్చింది. ఆ వెంటనే బౌకె మొహం గుర్తొచ్చింది. పప్పులో కాలు కాదు, మోకాలిదాకా వేశాను. పిల్లలు బల్లలు చరుస్తున్నారు, నింకె కళ్ళు తుడుచుకుంటోంది. నా చీటీ ముందు సీట్సెకి వచ్చిందిట. దాన్ని జెల్మర్ రెండు చాక్లెట్లిచ్చి మార్చుకున్నాట్ట.

"సరే, చిక్కాను," అన్నాను. "ఎలా పట్టావో చెప్పు మరి."

"చాలా ఈజీ మేడం." వాడు అందరికీ కనపడేలా బల్లెక్కి కూర్చున్నాడు. "మనిషి దేనికి సిగ్గుపడతాడో ముందు చూడాలి. మీకు బాకీ అంటే సిగ్గు. పోయినసారి ట్రిప్పులో నీళ్ళ సీసా డబ్బులు డ్రైవర్‌కివ్వడానికి మమ్మల్నందర్నీ చలిలో పావుగంట నిలబెట్టారు. అక్కడే దొరికిపోయారు. తర్వాత తొందరపెట్టాలి. అందరూ ఇచ్చేశారు, మీరే మిగిలారు. అలా అంటే ఇంక బుర్ర పనిచెయ్యదు. మొత్తం మరీ పెద్దది పెట్టకూడదు, ఆగి చూస్తారు."

"అంతేనా?"

"అంతే కాదు, అసలైంది వేరే ఉంది. మీరు ఎవర్తోనూ అనకూడదు. స్టాఫ్ రూంలో ఒక్కరినడిగినా నా పని గోవిందా. అందుకే సర్‌ప్రైజ్ అని పెట్టా. ముందు మనిషిని మిగతావాళ్ళనుంచి విడదీస్తే చాలు మేడం, తర్వాత వాళ్ళే వచ్చి పడతారు. దానికి కొంచెం పొగడాలి కూడా. నువ్వు అందరిలాంటివాడివి కాదు, అందుకే నీ ఒక్కడికే చెబు..."

అక్కడ ఆగిపోయాడు.

మరిచిపోయాడనుకుని ఎవరో "చెప్పరా!" అని అరిచారు.  జెల్మర్ చేతిలో బిస్కట్టు చేతిలోనే ఉంది. మొహంలోకి మెల్లగా రంగు ఎక్కడం చూశాను. నాకు మాట్లాడాలని నాలుక దురద పుట్టింది. నోరు మూసుకుని కూర్చోవడం నా వల్లయ్యే పని కాదని మా ఇంట్లోవాళ్ళనడిగినా చెబుతారు. ఎలాగో మూసుకున్నాను.

"మేడం," అన్నాడు చివరికి.  "నేను ఇవాళ ఐదింటికి ఒకడికి నా కార్డిస్తానన్నాను. పిన్నుతో. రీకో అని. వాడు కూడా... ఇలాగే. నీ ఒక్కడికే అన్నాడు."

 ఇప్పుడెవడైనా నవ్వితే ఈ పిల్లాడు జన్మలో నోరు విప్పడని భయం వేసింది. అప్పుడు సీట్సె చెయ్యి లేచింది. వాడు ఇంకో ప్రశ్న అడిగితే చెవి మెలిపెడదామనే ఉన్నాను.

"నాకూ రాశాడు," అన్నాడు సీట్సె. "సరే అనలేదు. కాదని కూడా అనలేదు. నాక్కూడా నీ ఒక్కడికే అన్నాడు మరి."

"ఏంటి, నీకా?" అని జెల్మర్ నోరు తెరిచాడు. వాడి గొంతులో కొంచెం ఉక్రోషం కూడా వినిపించింది. "నిన్ను నమ్మకస్తుడివన్నాడా?"

"నీకంటే ముందన్నాడు రోయ్!"

కిటికీ పక్కన కూర్చునే ఫర్దావ్ మెల్లిగా చెయ్యెత్తింది. ఆ పిల్ల ఏడాదంతా పది మాటలు మాట్లాడి ఉంటుంది. చిట్టచివర్న నింకె ఎత్తింది.

"నువ్వా?" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"నేను కూడా ఇస్తానన్నాను మేడం, వచ్చే వారం." దాని కళ్ళలో నీళ్ళు. "నా సంగతి చెప్పుకోలేక వాడి సంగతి మీకు చెప్పాను."

జెల్మర్ నింకె వైపు చూశాడు. వారం క్రితమైతే కొట్లాడేవాడు. ఇప్పుడు గంపలోంచి గుప్పెడు బిస్కట్లు తీసి దాని ముందు పెట్టాడు.

ఒక్కణ్ణి కాపాడాలని చీటీ దొంగతనం కూడా చేశాను నేను. ఇక్కడ నలుగురు ఉన్నారు. నలుగురూ నా కళ్ళముందే కూర్చుని, నలుగురూ ఎవరికి వాళ్ళు తామొక్కరే అనుకుంటున్నారు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, అంతకంటే ఎక్కువగా వాళ్ళమీద ప్రేమ పొంగుకొచ్చింది. అది బయటపడకుండా కేకలు మొదలుపెట్టాను. కార్డులు ఇళ్ళు దాటకూడదు. మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరపకూడదు, మన పేట పోలీసాయనకి నేనే చూపిస్తాను. ఐదింటికి స్టేషన్ ఛాయలకు ఎవడైనా వెళ్ళాడో, కాళ్ళు విరగ్గొడతాను. మీ అమ్మలకు ఇవాళే ఫోన్ చేస్తున్నాను.

"అమ్మలకెందుకు మేడం!" అని నలుగురూ ఒకే గొంతుతో మూలిగారు.

"రీకోకి మాత్రం జవాబివ్వాలి," అన్నాడు సీట్సె. "పండగ పూట పద్యం లేకుండా ఎలా?"

వద్దనాల్సింది. పోలీసాయన తరవాత నన్ను చీవాట్లు పెట్టాడు కూడా. కానీ అప్పటికే తరగతంతా బల్లలమీదికి వంగి ప్రాసలు వెతుకుతోంది, నేనూ ఓ పాదం అందించాను. నలుగురి ఫోన్లనుంచీ ఒకేసారి వెళ్ళింది.

"నీ ఒక్కడికే అన్నావు, నలుగురికీ రాశావు,
ఒక్క ఎరకే నాలుగు చేపలనుకుని మురిశావు.
కార్డు మా జేబులోనే, పిన్ను మా బుర్రలోనే,
నీకు మిగిలేది గాలేలే, స్టేషన్ గట్టుమీదనే!"

కేరింతలు. ఒకదాని తరవాత ఒకటి సీట్సె, ఫర్దావ్, నింకె ఫోన్లలో రీకో పేరు మాయమైంది. జెల్మర్ ఫోన్లో మాత్రం వాడు ఏదో టైపు చేస్తున్నట్టు చుక్కలు ఆడుతున్నాయి. ఆగాయి. మళ్ళీ ఆడాయి. తిట్లొస్తాయనుకున్నాం. జెల్మర్ పైకి చదివాడు.

"పాట బాగా కట్టారు, ప్రాస కూడా కుదిరింది.
నాకూ ఒకడు అలాగే అంటే నా కార్డే ముందు పోయింది."

 ఆ ముసుగువాడు ఏ సముద్రం అవతలో ఉంటాడని అప్పటిదాకా అందరం అనుకుంటున్నాం, నాతో సహా. ఇలా పద్యానికి పద్యం అప్పచెప్పేవాడు ఇక్కడే పుట్టి, చిన్నప్పుడు మాలాగే ఆ తెల్లగడ్డం తాత గుర్రానికని బూటులో క్యారెట్ పెట్టుకుని పడుకున్నవాడై ఉండాలి. మహా అయితే వీళ్ళకంటే రెండు మూడేళ్ళు పెద్దేమో.

"ఇది నిజమా మేడం," అన్నాడు సీట్సె, "ఇంకో గాలమా?"

పాతికమందీ నావైపు చూశారు. పాఠం చెప్పే మనిషిని కదా, తెలిసి ఉండాలి.

"నాకు తెలీదురా," అన్నాను.

 జెల్మర్ ఏదో టైపు చేసి, పంపకుండా ఫోన్ నా చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది. "గాలమైతే మాకు అక్కర్లేదు. నిజమైతే మీ ఇంట్లోనో బళ్ళోనో ఎవరో ఒకరికి చెప్పు. ఇందాక మేం అందరి ముందూ చెప్పాం, చచ్చిపోలేదు."

"ప్రాస కుదర్లేదు మేడం," అన్నాడు.

"ఫర్లేదు," అన్నాను. "పంపించు."